లైన్లో ఇంకా ఒకరు

ఏప్రిల్ 4

ఈరోజు మళ్లీ డ్యూటీలో చేరాను. ఇంకో వారం ఇంట్లో ఉండొచ్చు కదా అని అందరూ అన్నారు. ఇంట్లో ఉండి ఏం చెయ్యను, గోడలు లెక్కపెట్టనా? నాలుగే ఉన్నాయి.

బండి ఎలా ఉండేదో అలాగే ఉంది. పొద్దున ఖాళీగా ఒక చుట్టు తిప్పాం. పైకెక్కేటప్పుడు గొలుసు చప్పుడు, కొసకెళ్లి సముద్రం మీదకి ఒరిగేటప్పుడు గాలి ఊళ, అన్నీ అవే. ఒక మనిషి పోతే రోలర్ కోస్టర్ ఆగుతుందా? ఆగదు. జనం కేకలు కూడా అవే.

ప్లాట్‌ఫామ్ మీద నా పక్కన కడ్డీయే ఉన్నాడు. ఎక్కినవాళ్ల ఒళ్లో ఇనపకడ్డీలు దించడం వాడి పని. కడ్డీకీ వాడికీ లావులో తేడా లేదు కనక ఆ పేరే స్థిరపడింది. నన్ను చూసి నవ్వాలో వద్దో తెలియక సగం నవ్వి, మిగతా సగం మింగేశాడు.

సాయంత్రం మూసేముందు తెర మీద చూస్తే "లైన్లో ఇంకా ఒకరు" అని ఉంది. లైను వైపు చూశాను. ఇనప కంచెలు, వాటి మధ్య మలుపులు, తొక్కి పడేసిన కాగితపు కప్పులు. మనిషి లేడు.

"ఏడో నంబరు కార్డు తిరిగి రాలేదు బాబాయ్. నేనే రోజూ పాస్‌వర్డ్ కొట్టి మూసేస్తున్నా" అన్నాడు కడ్డీ. అనేసి నాలిక కరుచుకున్నాడు.

"వస్తుందిలే" అన్నాను.

ఏప్రిల్ 5

ఆవిడ సంచీ తలుపు వెనక మేకుకి తగిలించి ఉంది. ఆస్పత్రివాళ్లు ఇచ్చింది ఇచ్చినట్టే. ఉండనీ.

ఏప్రిల్ 7

కొత్త మేనేజరమ్మ ప్లాట్‌ఫామ్ మీదకి వచ్చింది. మా అమ్మాయి కన్నా ఓ రెండేళ్లు పెద్దదేమో. చదువుకున్న పిల్ల, మాట మర్యాదగానే ఉంటుంది, కానీ చేతిలో ఎప్పుడూ ఆ పలక ఫోను ఒకటి. కార్డుల సంగతి చెప్పమంది. చెప్పాను. లైను తోక దగ్గర చివర నిలబడ్డ మనిషి చేతిలో ఒక కార్డు పెడతాం. ఆ మనిషి లైనుతో పాటు జరిగి జరిగి మా దగ్గరికొచ్చి కార్డు ఇస్తే మిషనుకి తాకిస్తాం. తోక నుంచి తల దాకా ఎంతసేపు పట్టిందో అదే బయట బోర్డు మీద పడుతుంది, ఎంతసేపు నిలబడాలో జనానికి తెలియడానికి. పసిపిల్లలకి కూడా అర్థమవుతుంది.

"ఒక కార్డు తిరిగి రాకపోతే?" అంది.

"వచ్చేదాకా ఆ మనిషి లైన్లో ఉన్నట్టే లెక్క."

"రద్దు చేసే బటన్ ఉందిగా?"

"ఉంది. లైను తల దగ్గర ఉండేవాడే నొక్కాలి. అంటే నేను."

నా మొహం వంక చూసింది. ఎవరో చెప్పి ఉంటారు. గొంతు తగ్గించి, "రిపోర్టులో సగటు సమయం కొండెక్కి కూర్చుంటోంది సార్. పైవాళ్లకి నేను జవాబు చెప్పుకోవాలి" అంది. అప్పుడు అసలు ప్రశ్న వేసింది. "చివరి పెట్టెలో సముద్రం వైపు సీటు ప్రతి చుట్టూ ఖాళీగా పోతోంది. ఎందుకని?"

"అక్కడ కడ్డీ సరిగా పడదు. బిగుసుకుపోతోంది."

"ఒక్కో చుట్టుకి ఒక్కో సీటంటే రోజు మొత్తం మీద ఎంతమంది తగ్గుతారో తెలుసా?"

తెలుసు. ఈ పార్కులో ఆ లెక్క కట్టడం నేర్పిందే నేను. ఖాళీ సీటు అంటే ఎండలో నిలబడ్డ మనిషి అని కొత్తగా చేరినవాళ్లకి నేనే చెప్పేవాణ్ణి.

కడ్డీ నా వైపు చూశాడు. ఆ సీటు కడ్డీ ఎలా పడుతుందో వాడికి తెలుసు. ఏమీ అనలేదు. మంచివాడు.

ఏప్రిల్ 8

ఉప్పాయన వచ్చి చూశాడు. మెకానిక్కే, కానీ ఈ పార్కులో ఏది పాడైనా ఉప్పుగాలి అంటాడు కనక ఆ పేరు. వాళ్లావిడ అలిగినా ఉప్పుగాలే.

ఆ సీటు కడ్డీని పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తి, "వెన్నలా పడుతోంది కదా బావా, నీకేమైంది?" అన్నాడు. తర్వాత నా బటన్ల బల్ల దగ్గరికొచ్చి నిలబడి, "ఇదిగో, రోగం ఇక్కడుంది" అన్నాడు. బల్ల మీద సీటుకొక దీపం ఉంటుంది. కడ్డీ దిగి బిగుసుకుంటేనే పచ్చగా వెలగాలి. అన్నీ వెలిగితేనే బండి కదులుతుంది. ఆ సీటు దీపం కడ్డీ పైకి ఉండగానే వెలుగుతోంది.

"వైరులోకి ఉప్పు దిగింది. మార్చాలి."

"ఎలాగూ అక్కడ ఎవర్నీ కూర్చోబెట్టట్లేదుగా. తర్వాత చూద్దాంలే" అన్నాను.

"తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లు" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

వాడు వెళ్లాక ఆ దీపం వంకే చూస్తూ ఉండిపోయాను. సీటు ఖాళీ. దీపం పచ్చగా. ఎవరో సర్దుకుని కూర్చుని, ఇక పోనివ్వండి అన్నట్టు. నాకు బాగుంది. ఎందుకు బాగుందో రాయను.

ఏప్రిల్ 9

బట్టలు మేడ మీదే మర్చిపోయాను. మొన్న ఆరేసినవి. సముద్రపు గాలికి అట్టల్లా బిగుసుకుపోయాయి. పొద్దున ఆరెయ్యడం నా వంతు, సాయంత్రం తీయడం మా ఆవిడ వంతు. నా వంతు నేను చేశాను.

మా మేడ మీంచి చూస్తే బండి కొసకెక్కడం కనిపిస్తుంది. బట్టలు తీస్తూ ఆవిడ అటే చూసేది. రాత్రి అన్నం పెడుతూ, "మధ్యలో ఓసారి బండి ఆలస్యంగా ఎక్కింది, ఏమైంది?" అని అడిగేది. నా మీద పై అధికారి ఇంట్లోనే ఉండేదన్నమాట. "అంత పైనుంచి మన మేడ కనిపిస్తుందా?" అని కూడా ఎన్నేళ్లుగానో అడుగుతూ ఉండేది.

"ఎక్కి చూడు" అనేవాణ్ణి.

"మీరు చూడలేదా?"

చూడలేదు. ఇన్నేళ్లలో నేను ఆ బండి ఎక్కనే లేదు. ఎక్కించడం నా పని. మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా?

ఏప్రిల్ 11

ఆ రోజు గురించి రాయకూడదనుకున్నాను. రాయకపోతే మాత్రం మానుతుందా?

అమ్మాయి కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. తల్లికి కొత్త అద్దాలు చేయించి ఇచ్చింది. అవి పెట్టుకుని ఆవిడ ఇల్లంతా కలియదిరిగి, "ఇన్నాళ్లూ ఈ గోడ ఇంత మురిగ్గా ఉందా?" అంది. మర్నాడే నీలం సంచీ భుజాన వేసుకుని పార్కుకి వచ్చేసింది. "ఇప్పుడు కూడా పైనుంచి మన మేడ కనిపించకపోతే తప్పు మీ బండిదే, నాది కాదు" అంది.

పక్క గేటు తీసి నేరుగా తీసుకొచ్చి కూర్చోబెట్టచ్చు. అందరూ అదే చేస్తారు. నేను చెయ్యను. నా లైన్లో ఓనరుగారి బావమరిది కూడా నిలబడ్డాడు, ఆ సంగతి నలుగురికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆవిడకి నా సంగతి తెలుసు కనక నన్నడగనే లేదు. "లైన్లోనే వస్తాలెండి. లేకపోతే జన్మంతా దెప్పుతారు" అని నవ్వుతూ వెళ్లి చివర నిలబడింది. చివర నిలబడింది కనక తోక దగ్గరుండే చెల్లెమ్మ ఆవిడ చేతిలోనే కార్డు పెట్టింది.

లైను మలుపులు తిరుగుతుంది కదా, ప్రతి మలుపు దగ్గరా మనిషి నాకు కనిపించి మళ్లీ మాయమవుతాడు. మొదటి మలుపు దగ్గర కార్డు పైకెత్తి చూపించింది, బడిలో బహుమతి వచ్చిన పిల్లలాగా. రెండో మలుపు దగ్గర కూడా చూపించింది. మూడో మలుపు దగ్గరా చూపించింది. నాలుగో మలుపు దగ్గర లేదు.

భయపడి జారుకుందనుకున్నాను. కడ్డీతో చెప్పి నవ్వాను కూడా. నవ్వి, బండి వదిలాను. తర్వాత ఇంకా కొన్ని వదిలాను.

మూడో మలుపు దగ్గర చిన్న గేటుంది. అది దాటితే సముద్రపు గోడ, గోడ నీడలో బల్ల. బల్ల మీద కూర్చున్నట్టే ఉందట. పక్కనే కూర్చుని ఏదో తింటున్నవాళ్లకి కూడా తెలియలేదట.

ఇంట్లో ఉన్నా, వంటింట్లో ఉన్నా, ఆ గుండె ఆ రోజే ఆగేదని డాక్టరు చెప్పాడు. చాలా మంచిగా చెప్పాడు. అమ్మాయి ఒక్కటే మాట అడిగింది. "నాన్నా, అమ్మని కూడా నిలబెట్టావా?" అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడితే మందులు, కరెంటు బిల్లు, అలాంటివే.

కానీ ఆవిడ లైను వదిలేసి వెళ్లలేదు. కాసేపు కూర్చుని వద్దామనుకుంది. వదిలేసి వెళ్లాలనుకుంటే కార్డు వెనకవాళ్లకి ఇచ్చేసేది. ఇవ్వలేదు. కార్డు ఉన్నవాళ్లు వస్తారు.

ఏప్రిల్ 12

కార్డు ఎక్కడో పడిపోయి ఉంటుందని అందరికీ చెప్పాను. ప్లాట్‌ఫామ్ మెట్ల కింద టార్చి వేసి వెతికాను కూడా.

ఏప్రిల్ 14

అమ్మాయి వచ్చింది. వచ్చీ రాగానే తలుపు వెనక చెయ్యి పెట్టింది.

"ముట్టుకోకు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను.

"అమ్మ కళ్లద్దాలు ఉంటాయి నాన్నా. పాతవి మా షాపులో తీసుకుని కొనుక్కోలేనివాళ్లకి ఇస్తాం. రెండు రోజులు కూడా పెట్టుకోలేదు అమ్మ."

"ఉండనీ."

"అందులో ఏముందో నువ్వు చూశావా?"

"ఏముంటుంది? అద్దాలు, రుమాలు, చిల్లర."

"మరి తెరిస్తే ఏం?"

టీ పెట్టాను. ఇద్దరం తాగలేదు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "చొక్కా కాలరు చూసుకున్నావా, ఉప్పు తేలింది" అంది. తల్లి గొంతే. ఆవిడే అనుకుని వెనక్కి తిరగబోయి ఆగాను.

ఏప్రిల్ 16

మూడో మలుపు దగ్గర నీలం సంచీ. చూశాను. బండి వదిలి మళ్లీ చూశాను. లేదు.

ఏప్రిల్ 17

మళ్లీ.

ఏప్రిల్ 19

సెలవులు మొదలయ్యాయి, లైను గేటు దాటి బయటికి పోతోంది. జనం ఎక్కువైతే ఆవిడని వెతకడం కష్టం. ఈ వాక్యం రాసి చాలాసేపు దాని వంక చూశాను. కొట్టెయ్యలేదు.

"ఎవర్ని చూస్తున్నావ్ బాబాయ్?" అని కడ్డీ అడిగాడు. లైను ఎంతుందో చూస్తున్నానన్నాను.

మధ్యాహ్నం తోక చెల్లెమ్మ భోజనానికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మామూలుగా ఆమె నోటికి తాళం ఉండదు, ఒక ముద్దకి నాలుగు కబుర్లు. ఈరోజు అన్నం కెలుకుతూ కూర్చుంది.

"అన్నయ్యా, కోప్పడకు. కార్డు ఇస్తూ ఎవరి మొహమూ చూడలేకపోతున్నా. ఆ రోజు వదినకి ఇచ్చింది ఈ చేత్తోనే కదా. ఆ ఏడో నంబరు రద్దు చేసెయ్యి."

"రద్దు చేస్తే, రాగానే మిషను తీసుకోదు."

"ఎవరు రాగానే అన్నయ్యా?"

డ్యూటీ టైమైందని లేచాను. కాలేదు.

ఏప్రిల్ 22

ఈరోజు ఏమీ జరగలేదు.

ఏప్రిల్ 23

జరిగింది.

మధ్యాహ్నం ఎండలో కడ్డీ ముందు పెట్టెల దగ్గర ఒక కుటుంబంతో తంటాలు పడుతున్నాడు. ముగ్గురు పిల్లలు, ముగ్గురూ ముందే కూర్చోవాలి. నేను బల్ల దగ్గర ఉన్నాను. తలెత్తి చూస్తే చివరి పెట్టెలో, సముద్రం వైపు సీట్లో, ఒకావిడ కూర్చుని ఉంది. కళ్లద్దాలు. ఒళ్లో సంచీ. సంచీ నీలమో కాదో ఇప్పుడు చెప్పలేను. అప్పుడు మాత్రం నీలమే. బల్ల మీద దీపం చూశాను. పచ్చగా ఉంది. ముందు పెట్టెలవి కూడా వెలిగాయి.

వచ్చేసింది అనుకున్నాను. ఇన్నాళ్లకి వచ్చేసింది.

నా ఉద్యోగంలో ప్రతి కడ్డీనీ నా చేత్తో లాగి చూడందే బటన్ నొక్కలేదు. దీపాన్ని నమ్మకండి, చేతిని నమ్మండి అని అందరికీ చెప్పేది నేనే. కానీ ఆ సీటు కడ్డీ లాగి చూసే అలవాటు ఎప్పుడో పోయింది. లాగి చూస్తే ఖాళీ అని తెలుస్తుంది కదా.

బటన్ నొక్కాను. సంతోషంగా నొక్కాను. అది రాసి తీరాలి.

"బాబాయ్!" అని కడ్డీ అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. ఆవిడ కడ్డీ పైకే ఉంది. బండి ఓ మూరెడు కదిలింది. ఎర్ర బటన్ మీద నా చెయ్యి ఎలా పడిందో తెలియదు. ఆగింది. ఆ ఇల్లాలు తన పక్కనున్నవాళ్లతో, "సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నా, తప్పా?" అంటోంది. ఆవిడకి ఏమీ తెలియదు. దింపి, నీళ్లు ఇచ్చాం. నాకూ ఇచ్చారు.

ఇంకాస్తయితే మనిషిని చంపేవాణ్ణి. మూడో మలుపు దగ్గర ఇంకెవరో ఒకాయన, వాళ్లావిడ కోసం ఎదురుచూస్తూ నిలబడేవాడు.

మేనేజరమ్మ కేకలు వెయ్యలేదు. వేస్తే బాగుండేది. "సార్, సోమవారం నుంచి మీరు పార్కింగు గేటు దగ్గర. అదే రోజు నుంచి లైన్లు ఉండవు, ఫోన్లోనే టోకెన్ ఇస్తాం, వంతు రాగానే మెసేజి వెళ్తుంది. ఆదివారం సాయంత్రం కార్డుల మిషను తీసేస్తారు. రాని కార్డులు ఏమైనా ఉంటే నేనే రద్దు చేసేస్తాను" అంది. "అప్పటిదాకా బటన్ ముట్టుకోవద్దు. తల దగ్గర నిలబడి కార్డులు తీసుకోండి, చాలు."

ఎవర్ని చూశారని అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి.

సాయంత్రం ఉప్పాయన వైరు మార్చాడు. ఈసారి సామెత వెయ్యలేదు. నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచాడు. దీపం ఆరిపోయింది.

ఏప్రిల్ 24

ఆ సీట్లో ఇప్పుడు అందర్నీ కూర్చోబెడుతున్నారు. కూర్చుంటే వెలుగుతుంది, దిగితే ఆరిపోతుంది. అలాగే ఉండాలి.

ఏప్రిల్ 25

మూడో మలుపు దగ్గర ఎవరూ లేరు. రోజంతా చూశాను.

ఆదివారం తర్వాత లైనే ఉండదు. కంచెలు కోసి ఇనుము కింద అమ్మేస్తారట. ఆవిడ కాసేపు కూర్చుని లేచి వస్తే ఎక్కడ నిలబడుతుంది? ఎవర్ని అడుగుతుంది?

ఏప్రిల్ 26

ఇంటికొచ్చేసరికి సంచీ లేదు. మేకు ఉంది. ఇంటి తాళం రెండోది అమ్మాయి దగ్గరే ఉంటుంది.

ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. ఫోన్ చేసి ఏమని అడగను, తెరిచావా అనా?

ఏప్రిల్ 27

పొద్దున బట్టలు ఉతికి మేడ మీద ఆరేశాను. మూడు చొక్కాలు, ఒక దుప్పటి.

లైన్లకి ఆఖరి రోజు. సెలవుల్లో ఆదివారం కదా, జనం విరగబడ్డారు. కడ్డీ బటన్ల దగ్గర, నేను లైను తల దగ్గర. చెయ్యి చాపడం, కార్డు తీసుకోవడం, మిషనుకి తాకించడం. తెర మూలన "ఇంకా ఒకరు" అలాగే ఉంది. సాయంత్రానికి మేనేజరమ్మ వచ్చి తుడిచేస్తుంది. దేవుడికైనా దణ్ణం పెట్టుకోవచ్చు, మిషనుకి ఏం పెట్టుకుంటాం?

ఎండ చల్లబడ్డాక మొదటి మలుపు దగ్గర ఒక చెయ్యి లేచింది. చేతిలో కార్డు.

అమ్మాయి.

నేను పిలవలేదు. తను కూడా నవ్వలేదు. కార్డు పైకెత్తి చూపించి, దించి, ముందుకి జరిగింది. పార్కు అంటేనే మండిపడే పిల్ల, నెలన్నరగా ఈ గేటు దరిదాపులకి రాని పిల్ల, చెమటలు కక్కుతూ చంటిపిల్లల తల్లుల మధ్య నిలబడి ఉంది. భుజాన నీలం సంచీ.

పక్క గేటు నాలుగడుగుల్లో ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ గొళ్లెం మీద చెయ్యి వేశాను. తను దూరం నుంచే చూసి తల అడ్డంగా ఊపింది. చెయ్యి తీసేశాను.

రెండో మలుపు. ఎత్తి చూపించింది.

మూడో మలుపు. ఎత్తి చూపించింది.

ఆ తర్వాత కంచె వెనక్కి వెళ్లింది. నా చేతిలో ఎవరెవరో కార్డులు పెడుతున్నారు, నేను తాకించట్లేదు. కడ్డీ ఏదో అంటున్నాడు, వినపడట్లేదు. బండి ఒకటి వెళ్లింది, వచ్చింది. ఇంకొకటి వెళ్లింది. లైను జరగట్లేదు. నాకు తెలిసిన లెక్కలన్నీ వేశాను. ఒక్కటీ తేలలేదు. అక్కడ చిన్న గేటుంది, గేటు అవతల బల్ల ఉంది.

నాలుగో మలుపు దగ్గర చెయ్యి లేచింది.

ఏడ్చాను. ఎదురుగా జనం ఉన్నారు, ఉంటే ఉన్నారు.

వచ్చి నా ఎదురుగా నిలబడింది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. కార్డు నా అరచేతిలో పెట్టింది. ఏడో నంబరు.

"అద్దాల పెట్టెలో ఉంది" అంది.

"తెలుసు."

"నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"నాకూ అలాగే అనిపించింది. ఇంట్లో ఇస్తే నువ్వు తీసుకోవు. లైన్లో వస్తేగానీ చెల్లదంటావ్" అంది. మాటల్లో కోపం ఉంది, కానీ నెలన్నర తర్వాత అది నాకు తెలిసిన కోపం, ఇంట్లో కోపం.

మిషనుకి తాకించాను. ఏదో అంకె చూపించింది. ఆ అంకె ఇక్కడ రాయను. మూలన "ఇంకా ఒకరు" పోయింది.

చివరి పెట్టె, సముద్రం వైపు సీటు. తనే వెళ్లి కూర్చుంది. కడ్డీ దించి నా చేత్తో లాగి చూశాను. మళ్లీ చూశాను. మళ్లీ చూశాను. "పిల్ల ఒళ్లు పచ్చడవుతుంది, ఇక వదులు బాబాయ్" అన్నాడు కడ్డీ. బల్ల మీద దీపం వెలిగింది. ఇది నిజం దీపం. బండి వెళ్లింది.

తిరిగొచ్చాక దిగి, రైలింగు పట్టుకుని కాసేపు నిలబడింది. ఆ కళ్లు తడిశాయో గాలికి అలా ఉన్నాయో తెలియలేదు.

"పైనుంచి మన మేడ కనిపించిందా?" అన్నాను.

"చెప్పను. ఎక్కి చూసుకో."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. లైన్లో రా" అంది. అని నా చోట నిలబడింది.

వెళ్లాను. ఆ చివరిదాకా నడిచి వెళ్లి తోకలో నిలబడ్డాను. చెల్లెమ్మ అప్పుడే తిరిగొచ్చిన కార్డుల్లోంచి ఒకటి తీసి, "చివరివాడివి నువ్వే అన్నయ్యా" అని నా చేతిలో పెట్టింది. నంబరు చూడక్కర్లేదు.

ఇన్నేళ్లు లైను తల దగ్గర నిలబడ్డాను గానీ లైన్లో ఎప్పుడూ నిలబడలేదు. ఎంత నెమ్మదిగా జరుగుతుందో! ముందున్న పిల్ల ఐస్‌క్రీం నా కాలి మీద కార్చింది. ఎండ పక్క నుంచి కొడుతోంది. మొదటి మలుపు దగ్గర అమ్మాయి కనిపించింది, కార్డు ఎత్తాను. రెండో మలుపు దగ్గర ఎత్తాను.

మూడో మలుపు తిరగ్గానే గాలి తగిలింది. అంతదాకా ఉన్న ఉక్క అంతా ఒక్కసారి పోయింది. చిన్న గేటు అవతల నీడ, నీడలో బల్ల, బల్ల ముందు సముద్రం. కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. ఎవరికైనా కూర్చోవాలనిపిస్తుంది. నన్ను నిలబెట్టినా నేనూ అలాగే వెళ్లి కూర్చునేవాణ్ణి. అలసిపోయి, చల్లగాలికి, సముద్రం చూస్తూ. అంతకన్నా మంచి చోటు ఈ పార్కులో లేదు.

"ముందుకి జరగండి తాతగారూ" అన్నాడు నా వెనక నిలబడ్డ ఒకాయన. జరిగాను.

నాలుగో మలుపు దగ్గర కార్డు ఎత్తితే అమ్మాయి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

తల దగ్గర చెయ్యి చాపింది. "కార్డు" అంది, నా గొంతుతో. ఇచ్చాను. నన్ను చివరి పెట్టె దాకా తీసుకెళ్లింది. పక్క సీటు ఖాళీగా ఉంది. "ఖాళీగా పంపొద్దు, ఎవరో ఒకరిని కూర్చోబెట్టు" అని కడ్డీకి చెప్పాను. ఇందాక వెనక నుంచి జరగమన్న మనిషి వచ్చి కూర్చున్నాడు. కడ్డీ మా ఇద్దరి కడ్డీలూ లాగి చూశాడు.

గొలుసు చప్పుడు లోపల కూర్చుంటే వేరుగా ఉంటుంది. దాని ఒక్కో పన్నూ వెన్నులో తగులుతుంది. కొసకెక్కాక బండి ఒక్క క్షణం ఆగినట్టు అవుతుంది. ఆ క్షణంలో చూశాను.

కనిపిస్తుంది. మేడ కనిపిస్తుంది. దండెం కూడా కనిపిస్తుంది. పొద్దుగూకబోతోంది, మిగతా మేడల మీద బట్టలు ఎవరో ఒకరు తీసేశారు. మా మేడ మీద మూడు చొక్కాలు, ఒక దుప్పటి, గాలికి కొట్టుకుంటూ అలాగే ఉన్నాయి.

తీసేవాళ్లు లేరు.

దిగి, అమ్మాయీ నేనూ ఇంటికి నడిచి వచ్చాం. మెట్లెక్కి, చీకటి పడకముందే బట్టలు తీశాను.